‘ఈ ఇల్లు మీదేనా?’ అని అడిగేదెవరు?

సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఇల్లు అమ్మేవారు కుర్చీలో కూర్చోగానే కెమెరా వైపు చూడమంటారు. ఫొటో తీస్తారు, వేలిముద్రలు వేయిస్తారు, ఆధార్ చూస్తారు. ఆ తర్వాత దస్తావేజు తిప్పుతూ సబ్ రిజిస్ట్రార్ అడిగేవి రెండు మూడు ముక్కలే. ‘రాసిచ్చింది మీరేనా? సంతకం మీదేనా? డబ్బు ముట్టిందా?’ అవునంటే దాదాపు పని అయిపోయినట్టే. ‘ఈ ఇల్లు నిజంగా మీదేనా’ అని మాత్రం తేల్చుకోరు.

అది ఆయన నిర్లక్ష్యం కాదు. ఆ పని చట్టం ఆయనకు అప్పగించలేదు. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం కింద ఆ ఆఫీసులో నమోదయ్యేది కాగితమే, హక్కు కాదు. ఫలానా రోజున ఫలానావారు ఫలానావారికి ఇలా రాసిచ్చారని ప్రభుత్వం తన పుస్తకంలో ఎక్కించుకుంటుంది, అంతవరకే. రాసిచ్చిన మనిషికి అసలు ఆ హక్కు ఉందా లేదా అన్నది తగాదా వస్తే తేల్చేది సివిల్ కోర్టు. అమ్మేవారు తమ హక్కును రుజువు చేసుకుంటేనే రిజిస్టర్ చేస్తామని తమిళనాడు పెట్టుకున్న నిబంధనను 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కొట్టేసింది. టైటిల్ తేల్చడం సబ్ రిజిస్ట్రార్ పని కాదని ఆ తీర్పు స్పష్టంగా చెప్పింది. హక్కుకే ప్రభుత్వం పూచీ పడుతుందంటూ ఆంధ్రప్రదేశ్ తెచ్చిన ల్యాండ్ టైట్లింగ్ చట్టం ఎన్నికల రచ్చలో పడి 2024లో రద్దయింది. ఆ చట్టం మంచిదా చెడ్డదా అన్నది వేరే చర్చ. మొత్తానికి కొనేవారి పరిస్థితి పాతదే: అడగాల్సిన ప్రశ్న మనమే అడగాలి, జవాబు మనమే వెతుక్కోవాలి.

‘రిజిస్ట్రేషన్ అయిపోయింది కదా, ఇక భయమేముంది?’ అని నిశ్చింతగా ఉండేవారికి ఇది మింగుడు పడదు. ఆస్తి బదిలీ చట్టం ప్రకారం ఇంటి అమ్మకానికి రిజిస్టరైన దస్తావేజు తప్పనిసరి, నిజమే. అది లేకపోతే హక్కు రాదు. కానీ అది ఉన్నంత మాత్రాన, అమ్మినవారికి లేని హక్కు మనకు పుట్టుకురాదు.

బయానా ఇచ్చే ముందు రోజు

మనవాళ్లు ఇల్లు కొనే తీరు ఒకటే. శనివారం బ్రోకర్ చూపిస్తాడు. ఆదివారం ఇంటిల్లిపాదీ వెళ్లి చూస్తారు. వాస్తు సిద్ధాంతి వచ్చి ఈశాన్యం కొలుస్తాడు. శూన్యమాసం వచ్చేస్తోందని తొందరపడి బయానా చేతిలో పెట్టేస్తారు. కాగితాల జిరాక్సులు లాయరు దగ్గరకు చేరేది ఆ తర్వాతే. వరస తిరగబడటం ఇక్కడే. బయానా ఇచ్చాక లాయరు ‘ఇందులో లింకు ఒకటి తెగింది’ అంటే, డబ్బు వెనక్కి రాదేమోనన్న భయంతో ఆ లోపాన్ని మనమే సమర్థించుకోవడం మొదలుపెడతాం. వాస్తు కోసం గోడ పగలగొట్టడానికి సిద్ధపడేవారు కూడా లాయరు ఫీజు దగ్గర బేరమాడటం నాకు ఎప్పుడూ వింతే.

బయానా తప్పదనుకుంటే చిన్న మొత్తం ఇవ్వండి, చెక్కు ద్వారానో ఆన్‌లైన్‌లోనో ఇవ్వండి. స్థిరాస్తి లావాదేవీలో 20,000 రూపాయలు, అంతకు మించి నగదు తీసుకుంటే ఆదాయపు పన్ను చట్టం ప్రకారం తీసుకున్నవారికి అంతే మొత్తం జరిమానా పడొచ్చు. ‘టైటిల్ సరిగా లేదని తేలితే బయానా పూర్తిగా వాపసు’ అన్న ఒక్క వాక్యం అగ్రిమెంటులో ఉండాలి. ఆ వాక్యం రాయడానికి అమ్మేవారు ఒప్పుకోకపోతే అదే మీకు దొరికిన మొదటి జవాబు అనుకోండి.

అగ్రిమెంటు ఇంటి మీద ఏ హక్కూ ఇవ్వదు. అమ్ముతానన్న మాటకు అది కాగితరూపం, అంతే. అమ్మేవారు మాట తప్పితే, రిజిస్ట్రేషన్ చేయించమని కోర్టుకు వెళ్లడానికి మూడేళ్ల గడువు ఉంటుంది. అగ్రిమెంటులో తేదీ రాసుకుంటే ఆ తేదీ నుంచి, లేకపోతే చేయనని వారు తేల్చి చెప్పినట్టు మనకు తెలిసిన నాటి నుంచి. అయితే ‘మిగతా డబ్బుతో నేను సిద్ధంగానే ఉన్నాను’ అని కొనేవారు నిరూపించుకోవాలి. బ్యాంకు ఖాతాలో సొమ్ము, లోన్ మంజూరు పత్రం, గడువులోపు పంపిన నోటీసు ఉంటేనే కోర్టు ఆ మాట నమ్ముతుంది. మధ్యలో అమ్మేవారు కాలం చేస్తే అగ్రిమెంటు చచ్చిపోదు, వారసులకూ అది వర్తిస్తుంది. కాకపోతే ఒక్కరితో కుదిరిన బేరం అప్పటినుంచి నలుగురితో నడుస్తుంది.

ఈసీ చదవడం వచ్చా?

‘ఈసీ తీశామండీ, క్లియర్‌గా ఉంది’ అనేది ప్రతి బ్రోకర్ నోటా వినే మాట. ఈసీ అంటే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్. ఆ కాగితాన్ని ఒకసారి దగ్గరగా చూడండి. ఒక వరుసలో ఆస్తి వివరం, సర్వే నంబరు, విస్తీర్ణం, నాలుగు దిక్కుల హద్దులు ఉంటాయి. పక్కన మూడు తేదీలు: దస్తావేజు రాసినది, ఆఫీసులో దాఖలు చేసినది, రిజిస్టరైనది. ఆ పక్కన లావాదేవీ రకం, ప్రభుత్వ మార్కెట్ విలువ, పత్రంలో రాసుకున్న ధర. తర్వాత పేర్లు. ‘ఈఎక్స్’ అని ఉంటే రాసిచ్చినవారు, ‘సీఎల్’ అని ఉంటే రాయించుకున్నవారు. చివర్లో దస్తావేజు నంబరు, సంవత్సరం.

ఇప్పుడు కింది నుంచి పైకి పేర్లు కలుపుకుంటూ రండి. ఒక వరుసలో రాయించుకున్నవారే తర్వాతి వరుసలో రాసిచ్చినవారు కావాలి. ఎక్కడైనా 1994లో ఒకరు కొని, 2006లో వేరెవరో అమ్మినట్టు కనిపిస్తే, మధ్యలో ఏం జరిగిందో చెప్పే కాగితం అడగాలి. వీలునామానా, భాగపంపకమా, కోర్టు డిక్రీయా? ‘మా నాన్నగారు పోయాక మాకే వచ్చింది’ అన్న నోటిమాట ఆ ఖాళీని పూడ్చదు. హద్దులు కూడా చూడండి. పాత దస్తావేజులో తూర్పున ‘30 అడుగుల రోడ్డు’ అని ఉండి, కొత్తదాంట్లో ‘పొరుగువారి ఇల్లు’ అని ఉంటే రోడ్డు ఎక్కడికీ పోలేదు. ప్లాటే జరిగింది.

కంప్యూటర్లో దొరికే ఈసీ మామూలుగా 1983 నుంచే. అంతకు ముందు చరిత్ర కావాలంటే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో దరఖాస్తు పెట్టి పాత పుస్తకాల్లో వెతికించుకోవాలి. హైదరాబాద్ చుట్టుపక్కల భూములైతే ఇంకా వెనక్కి, 1954-55 ఖాస్రా పహాణీ దాకా వెళ్లాల్సి రావచ్చు. ఆ కాలపు కాగితాలు చాలావరకు ఉర్దూలో ఉంటాయి. చదివే మనిషిని వెతుక్కోవాలి తప్ప ‘పాతవేలే’ అని వదిలేయకూడదు.

చాలామందికి తెలియని సౌకర్యం ఒకటుంది. ఆస్తి దస్తావేజులు నకలు రాసే ఒకటో నంబరు పుస్తకం రహస్యం కాదు. రుసుము కట్టి ఎవరైనా చూడొచ్చు, సర్టిఫైడ్ కాపీ తీసుకోవచ్చు. అమ్మేవారు ఇచ్చిన జిరాక్సుల మీద ఆధారపడకుండా లింకు డాక్యుమెంట్లకు సర్టిఫైడ్ కాపీలు మీరే తెప్పించుకుని పక్కపక్కన పెట్టి చూడండి. పేజీ మార్చి అతికించిన దస్తావేజులు ఇలాగే బయటపడతాయి.

ఈసీలో కనిపించని మనుషులు

ఈసీలోకి ఎక్కేది రిజిస్టరైన లావాదేవీలే. రిజిస్టర్ కాని వీలునామా అందులో ఉండదు. ముస్లిం కుటుంబాల్లో నోటిమాటగా ఇచ్చే హిబా, అంటే దానం, ఉండదు. కోర్టులో నడుస్తున్న పార్టిషన్ దావా కనిపిస్తుందన్న గ్యారంటీ లేదు. దావా నడుస్తుండగా కొన్నవారికి తీర్పు వర్తిస్తుంది, ‘నాకు తెలియదు’ అంటే కుదరదు. అందుకే అమ్మేవారి పేరుతో, ఆయన తండ్రి పేరుతో ఈ-కోర్ట్స్ సైట్‌లో వెతకడం, పత్రికలో లాయరు ప్రకటన ఇప్పించడం. ఆ ప్రకటన చట్టం అడిగింది కాదు, ఆచారమే. కానీ రేపు కోర్టులో ‘మేం విచారించుకునే కొన్నాం’ అని చెప్పుకోవడానికి పనికొస్తుంది.

అన్నిటికంటే ఎక్కువగా ఈసీలో కనపడకుండా ఉండేది ఇంటి ఆడపడుచు. ‘పెళ్లిలోనే ఇచ్చేశాం కదండీ, ఆమె సంతకం ఎందుకు?’ అని అన్నదమ్ములు ఇప్పటికీ అడుగుతుంటారు. చట్టం ఆ ప్రశ్నకు ఎప్పుడో జవాబిచ్చింది. ఎన్టీఆర్ ప్రభుత్వం 1986లో హిందూ వారసత్వ చట్టానికి తెచ్చిన సవరణ, 1985 సెప్టెంబరు 5 నాటికి పెళ్లికాని కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమానంగా వాటా ఇచ్చింది. 2005 సెప్టెంబరు 9 నుంచి కేంద్ర చట్టం పెళ్లయినవారికీ ఆ హక్కు ఇచ్చింది. ఆ తేదీకి తండ్రి బతికి ఉండాలా అన్న గొడవను 2020లో సుప్రీంకోర్టు తేల్చేసింది. అక్కర్లేదు, పుట్టుకతోనే హక్కు అంది. 2004 డిసెంబరు 20కి ముందే సక్రమంగా జరిగిపోయిన అమ్మకాలను, పంపకాలను మాత్రం ఈ కారణంతో తిరగదోడలేరు.

తండ్రి స్వార్జితమైతే బతికుండగా ఆయన ఇష్టం, ఎవరినీ అడగక్కర్లేదు. వీలునామా రాయకుండా పోతే మాత్రం భార్య, కొడుకులు, కూతుళ్లతో పాటు ఆయన తల్లి జీవించి ఉంటే ఆమెకూ సమాన వాటా. నాయనమ్మను వారసురాలిగా లెక్కలోకి తీసుకోకపోవడం మన ఇళ్లలో అలవాటైపోయింది. తర్వాత ఆమె పోతే ఆ వాటా మేనత్తలకూ బాబాయిలకూ పాకుతుంది. ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్‌లో పేరు లేదు కాబట్టి వారసురాలు కాదనుకోవడం పొరపాటు. ఆ కాగితం హక్కును పుట్టించదు, పోగొట్టదు.

కాబట్టి అక్కచెల్లెళ్లు దస్తావేజులో అమ్మకందారులుగా చేరాలి, లేదా వాటా వదులుకుంటున్నట్టు ముందే రిలీజ్ డీడ్ రిజిస్టర్ చేసి ఇవ్వాలి. కొందరు తెలివిగా ఆమె చేత సాక్షి సంతకం పెట్టించి ఊరుకుంటారు. సాక్షి చూసేది సంతకం పెట్టడాన్నే. లోపల ఏముందో ఆమెకు తెలుసని, ఒప్పుకుందని దాని అర్థం కాదు. చిన్న పిల్లల వాటా ఉంటే ఇంకా జాగ్రత్త. మైనరు ఆస్తి అమ్మడానికి తల్లయినా తండ్రయినా కోర్టు అనుమతి తెచ్చుకోవాలి. లేకపోతే ఆ పిల్లవాడు మేజరయ్యాక మూడేళ్లలోపు ఆ అమ్మకాన్ని రద్దు చేయమని కోర్టుకెక్కవచ్చు.

ఇంట్లో అద్దెకు ఉన్నవారితో ఓ పది నిమిషాలు మాట్లాడండి. ఇల్లు ఎవరి అధీనంలో ఉందో వారి హక్కు గురించి మీకు తెలిసినట్టే చట్టం భావిస్తుంది. ‘అద్దె ఎవరికిస్తున్నారు?’ అని అడిగితే, పది పేజీల లీగల్ ఒపీనియన్‌లో లేని సంగతి ఒక్కోసారి అక్కడ దొరుకుతుంది.

కాగితం బాగున్నా నేల బాగోకపోతే

రిజిస్టర్డ్ దస్తావేజు, బ్యాంకు లోను, ఇంటిపన్ను రసీదు అన్నీ ఉన్నా ఇల్లు కూలిన దృశ్యాలు, చెరువుల ఆక్రమణలు తొలగించే హైడ్రా 2024లో ఏర్పాటయ్యాక హైదరాబాద్ వాసులు చూశారు. చెరువు పూర్తి నీటి మట్టం లోపల, అంటే ఎఫ్‌టీఎల్‌లో, కట్టడానికి వీల్లేదు. పది హెక్టార్లు, అంతకు మించిన చెరువైతే ఆ గీత నుంచి మరో 30 మీటర్లు, చిన్న కుంటలకు 9 మీటర్లు బఫర్. ఎండాకాలంలో ప్లాటు చూడటానికి వెళ్లేవారికి చెరువు కనిపించదు, కంచె వేసిన మైదానమే కనిపిస్తుంది. హెచ్‌ఎండీఏ సైట్‌లోని చెరువుల మ్యాపులు సర్వే నంబరుతో పోల్చి చూసుకోవాలి.

ఇక నిషేధిత జాబితా. రిజిస్ట్రేషన్ చట్టం 22-ఎ సెక్షన్ కింద ప్రభుత్వ, దేవాదాయ, వక్ఫ్, అసైన్డ్, సీలింగ్ మిగులు భూముల నంబర్లు రెండు తెలుగు రాష్ట్రాల రిజిస్ట్రేషన్ శాఖల సైట్లలోనూ చూసుకోవచ్చు. సబ్ రిజిస్ట్రార్ చూసి ఆపగలిగే కొద్దిపాటి సంగతుల్లో ఇదొకటి. కానీ ఇవాళ జాబితాలో లేని నంబరు రేపు చేరొచ్చు, పొరపాటున చేరిన నంబరు బయటికి రావడానికి ఏళ్లు పట్టొచ్చు. పేదలకు ఇచ్చిన అసైన్డ్ భూమి అమ్మకం 1977 చట్టం కింద సాధారణంగా చెల్లదు. అలా చెల్లని అమ్మకం ఎన్ని చేతులు మారినా ఆ మచ్చ పోదు.

పల్లెటూళ్లలో సమస్య వేరు. గ్రామకంఠంలో తాతల నాటి ఇంటికి దస్తావేజే ఉండదు. పంచాయతీ ఇంటిపన్ను రసీదులు, కరెంటు బిల్లులు, ఇరుగుపొరుగు మాటే ఆధారం. పన్ను రసీదు అధీనాన్ని చూపిస్తుంది తప్ప యాజమాన్యాన్ని కాదు. పట్నంలో మ్యుటేషన్ సంగతీ అంతే. పన్ను ఎవరి దగ్గర వసూలు చేయాలో తెలుసుకోవడానికి మున్సిపాలిటీ రాసుకునే పేరది.

‘జీపీఏ ప్లాటు, రేటు తక్కువ’ అంటారు. జీపీఏ అంటే జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ, యజమాని తరఫున వ్యవహరించే అధికార పత్రం. యజమాని బతికుండి, ఆయన తరఫున ఏజెంటు దస్తావేజు రాసిస్తే అది సరైన అమ్మకమే. జీపీఏ కాగితాన్నే అమ్మకంగా చేతులు మార్చడం మాత్రం ఆస్తి బదిలీ కాదని 2011లో సుప్రీంకోర్టు తేల్చింది. మామూలు జీపీఏ ఇచ్చిన మనిషితోనే చచ్చిపోతుంది. రిజిస్ట్రేషన్ రోజున ఆయన బతికే ఉన్నట్టు ఆధారం అడగండి. మొహమాటపడాల్సిన పనిలేదు.

ఫ్లాటు కొనేవారి ప్రశ్నలు

గ్రేటర్ హైదరాబాద్‌లో బిల్డరు ప్లాను తెచ్చుకునేటప్పుడు నిర్మాణంలో పది శాతం భాగాన్ని మున్సిపాలిటీకి తనఖా పెడతాడు. ప్లానుకు విరుద్ధంగా కట్టకుండా అది పూచీ. ఏయే ఫ్లాట్లు తనఖాలో ఉన్నాయో అనుమతి పత్రాల్లోనే ఉంటుంది. ఓసీ, అంటే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్, వచ్చాకే అవి విడుదలవుతాయి. కొందరు బిల్డర్లు ఆ ఫ్లాట్లకే ‘మీకోసం ప్రత్యేకంగా’ రేటు తగ్గిస్తారు. ఎందుకు తగ్గిందో ప్లాను కాపీ చెబుతుంది. ఓసీ చూశాకే లోన్లు ఇవ్వాలని 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు బ్యాంకులకు చెప్పింది. అయినా ‘బ్యాంకు లోన్ ఇచ్చింది కాబట్టి అన్నీ కరెక్టే’ అన్న ధీమా వద్దు. బ్యాంకు చూసుకునేది తన బాకీ వసూలు సంగతి. తేడా వస్తే ఈఎంఐ కట్టేది మీరే.

500 చదరపు మీటర్లు దాటిన స్థలమైనా, ఎనిమిదికి మించి ఫ్లాట్లున్నా ప్రాజెక్టు స్థిరాస్తి నియంత్రణ సంస్థ రెరాలో నమోదు కావాలి. ఆ నంబరు లేకుండా ప్రకటన ఇవ్వడమే నేరం. రిజిస్టర్డ్ అగ్రిమెంటు లేకుండా ధరలో పది శాతానికి మించి తీసుకోకూడదు. ‘ప్రీలాంచ్’ పేరుతో, పునాది తవ్వకముందే మొత్తం డబ్బు కట్టించుకుని భూమిలో అవిభాజ్య వాటా మాత్రం రిజిస్టర్ చేసి ఇచ్చేవారి దగ్గర మీకు దక్కేది ఫ్లాటు కాదు. ఎక్కడుందో చూపించలేని కొన్ని గజాలు, వందలమంది భాగస్వాములు.

లెక్కలు

వీటిని త్వరగా చెప్పేస్తాను. రిజిస్ట్రేషన్ ఖర్చు మొత్తం రెండు రాష్ట్రాల్లోనూ ఏడున్నర శాతమే, లోపలి పంపకం వేరు. తెలంగాణలో స్టాంపు డ్యూటీ 5.5, బదిలీ సుంకం 1.5, రుసుము 0.5. ఆంధ్రలో 5, 1.5, 1. రాసుకున్న ధర, ప్రభుత్వ మార్కెట్ విలువల్లో ఏది ఎక్కువైతే దాని మీద. 80 లక్షల ఫ్లాటుకు ఆరు లక్షలన్నమాట. వేరేగా ఒప్పుకోకపోతే స్టాంపు డ్యూటీ కొనేవారిదే. ధర 50 లక్షలు, ఆపైన ఉంటే ఒక శాతం టీడీఎస్ కోసి కట్టే బాధ్యతా కొనేవారిదే. మర్చిపోతే నోటీసు వచ్చేది మీకే.

అమ్మేవారు ఎన్‌ఆర్‌ఐ అయితే ఈ ఒక శాతం లెక్క పనికిరాదు. కోత చాలా ఎక్కువ. ఐటీ శాఖ నుంచి తక్కువ కోతకు సర్టిఫికెట్ తెచ్చుకోకపోతే ఆచరణలో మొత్తం ధర మీదే కోస్తారు. అందుకే బేరం కుదిరేటప్పుడే ‘మీరు ఏడాదిలో ఎక్కడ ఎక్కువ ఉంటారు?’ అని అడగాలి. ఆధార్ మీద కూకట్‌పల్లి చిరునామా ఉన్నా మనిషి డాలస్‌లో ఉండొచ్చు.

అమ్మేవారికీ భయాలుంటాయి

అమ్మేవారిని మోసం చేయడం తేలిక కాదనుకుంటాం. కానీ ఒరిజినల్ కాగితాలు ‘లాయరుకు చూపించి తెస్తాం’ అని పట్టుకెళ్లినవారు మళ్లీ కనిపించని కథలు ఉన్నాయి. చూపించడానికి సర్టిఫైడ్ కాపీలు చాలు, ఒరిజినల్స్ రిజిస్ట్రేషన్ బల్ల దగ్గర చేతులు మారాలి. దస్తావేజులో ‘మొత్తం సొమ్ము ముట్టింది’ అని రాస్తారు కాబట్టి, ముట్టకముందు సంతకం పెట్టొద్దు. ‘సాయంత్రానికి ఆర్టీజీఎస్ పడుతుందండీ’ అంటే రిజిస్ట్రేషన్ కూడా సాయంత్రమే, లేదా మర్నాడు. ఒకసారి రిజిస్టరయ్యాక, డబ్బు రాలేదని అమ్మినవారు ఒంటిచేత్తో దాన్ని రద్దు చేసుకోలేరు. బాకీ కోసం దావా వేసుకోవాల్సిందే.

ఇంటి మీద మీ లోన్ ఉంటే కాగితాలు బ్యాంకులో ఉంటాయి. కొనేవారి బ్యాంకు నేరుగా మీ బ్యాంకు బాకీ తీర్చి కాగితాలు తీసుకోవడం మామూలే. అప్పు పూర్తిగా తీరిన 30 రోజుల్లో కాగితాలు తిరిగివ్వకపోతే, తప్పు బ్యాంకుదైతే, రోజుకు 5,000 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలన్న రిజర్వు బ్యాంకు నిబంధన 2023 డిసెంబరు 1 నుంచి అమల్లో ఉంది. అడిగి తీసుకోండి, వాళ్లంతట వాళ్లు ఇస్తారని ఎదురుచూడొద్దు.

విదేశాల్లో ఉండి అమ్మేవారు అక్కడి భారత కాన్సులేట్‌లో జీపీఏ ధ్రువీకరించి పంపిస్తారు. చాలామంది ఆ కవరు నేరుగా సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు పట్టుకెళ్తారు. అది మన దేశంలో చేతికందిన మూడు నెలల్లోపు జిల్లా రిజిస్ట్రార్ దగ్గర స్టాంపు డ్యూటీ కట్టి ముద్ర వేయించుకోవాలి. ఆ ముద్ర లేకుండా వెళ్తే ముహూర్తం ఎంత గట్టిదైనా స్లాట్ రద్దు చేసుకుని వెనక్కి రావాల్సిందే.